పుట్టి నుంచి కయాక్ దాకా
(హాలహర్విలో జరిగిన పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడిన మిత్రులు డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి విపులంగా చెప్పారు. ఆ విషయాల్లో వారికంటే నాకు ఎక్కువ తెలియదు. కార్యదర్శిగారు నాకిచ్చిన అంశం వేరు. "మీరు కొడుకు దగ్గరికి అమెరికా పోయి సముద్రంలో పడవ నేర్చుకొని వచ్చినారట గదా, అదేదో చెప్పండి" అన్నారు. హాలహర్విలో పడవ మీద ప్రసంగమా అని వెనక వరసలో ఎవరో నవ్వుతున్నారు. నవ్వవలసిన మాటే. మన దగ్గర నీళ్ళంటే ఒకటి హగరి, రెండు కాలువ. హగరిలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపిస్తుంది. దాని అసలు పేరు వేదవతి. పైన చిత్రదుర్గం జిల్లాలో మారికణివె దగ్గర మైసూరు వాళ్ళు 1907 నాటికి ఆనకట్ట పూర్తి చేశారు. ఆ డ్యాం 1933లో నిండి పొర్లింది. మళ్ళీ పొర్లడానికి 2022 దాకా పట్టింది, అంటే 89 ఏళ్ళు. ఆ ఏడు గూళ్యం దగ్గర హగరి పారుతుంటే చూడడానికి మనవాళ్ళు బండ్లు కట్టించుకొని పోయినట్టు పోయారు. నది పారడమే మనకొక వింత.

అయినా నా ఉద్యోగమంతా నీళ్ళతోనే గడిచింది. తుంగభద్ర దిగువ కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరి, గేజీలు చూసి, తూములు చూసి, రైతులతో తగువులు పడి రిటైరయ్యాను. ఎన్ని క్యూసెక్కులు వదిలారు, చివరి పొలానికి ఎన్ని అందాయి అన్న లెక్కే గాని నీటి మీద తేలడం, మునగడం అన్నది మా మాన్యువల్లో లేదు. అది నేను ముందుగా నేర్చుకున్నది పుట్టి వాళ్ళ దగ్గర.

పుట్టి అంటే ఈ కాలపు పిల్లలకు ధాన్యం కొలత అని కూడా తెలియదు. నేను చెప్పే పుట్టి గుండ్రటి బుట్టపడవ. కొందరు హరిగోలు అంటారు, అరిగోలు అంటారు. కన్నడం మాట్లాడే మన ఊళ్ళలో ఆ పేరే ఎక్కువ. వెదురును చీల్చి బద్దలుగా అల్లుతారు. ఎనిమిదడుగులో పదడుగులో అడ్డం ఉంటుంది. పూర్వం పైన బర్రెతోలు కుట్టేవారు. తర్వాత తోలు పోయి గోనెపట్టా, ప్లాస్టిక్ పట్టా, వాటి మీద తారు వచ్చాయి. ఇప్పుడు ఫైబరుతో చేసినవి కూడా కనిపిస్తున్నాయి. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన డొమింగో పాయెస్ అనే పోర్చుగీసువాడు ఆనెగొందికి దాటే ఈ పడవల గురించి రాసిపెట్టాడు. బుట్టల్లా గుండ్రంగా ఉంటాయని, లోపల బెత్తం, పైన తోలు అని, పదిహేను ఇరవై మంది పడతారని, నేరుగా పోలేక గిరగిర తిరుగుతూ పోతాయని, ఈ రాజ్యంలో ఏరున్నచోటల్లా ఇవి తప్ప వేరే పడవలే లేవని చెప్పాడు. అయిదు వందల ఏళ్ళ తర్వాత నేను తుంగభద్ర దాటింది కూడా అదే పడవలో, అదే గిరగిరతో. ఇరాక్‌లో టైగ్రిస్ నది మీద కూడా ఇలాంటి గుండ్రటి పడవలకు తారు పూసి వాడేవారట. మన పుట్టికి దూరపు చుట్టం అనుకోవాలి.

నన్ను దాటించిన పుట్టి తాత ఒకాయన ఉండేవాడు. నది అవతల మాకేమీ పని ఉండదు గాని, పెండ్లిళ్ళకు, జాతరలకు పోయేవాళ్ళం. నేను కొత్తల్లో పుట్టిలో నిలబడి నది చూడబోతే ఆయన తెడ్డు ఆపి అన్న మాట ఇది: "సారూ, పుట్టిలో కుచ్చున్నంతసేపు నువ్వు మూటవే. మూట కదల్దు. మూటకు బయం ఉండదు." ఆయన మాటలో పెద్ద శాస్త్రమే ఉంది. పుట్టికి అడుగు వెడల్పు, కాబట్టి మామూలుగా ఒరగదు. జనం కింద కూర్చుంటే బరువు కిందే ఉంటుంది. నలుగురు లేచి ఒక పక్కకు వచ్చారంటే ఆ పక్క అంచు నీటిమట్టానికి దిగుతుంది. అంచు దాటి ఒక్కసారి నీళ్ళు లోపలికొస్తే ఆ నీళ్ళు కూడా అదే పక్కకు పారతాయి. ఇంక దాన్ని ఎవరూ ఆపలేరు. పుట్టి బోర్లాపడితే లోపల ఉండి దాన్ని మళ్ళీ తిప్పడమనేది లేనే లేదు. తాత ముందువైపు కూర్చొని తెడ్డును తన వైపుకు లాక్కునేవాడు. పడవ వెనకనుంచి తొయ్యడం కాదు, ముందున్న నీటిని దగ్గరికి లాగడం. ఆ ఒడుపు గమనించి పెట్టుకున్నాను. ముప్ఫై ఏళ్ళ తర్వాత అమెరికాలో అదే లాగుడును నాకు వేరే పేరుతో నేర్పారు.

2009 అక్టోబరు వరదను మీలో మరిచిపోయినవాళ్ళు ఉండరు. మంత్రాలయం మునిగింది, కర్నూలు మునిగింది, నాగలదిన్నె దగ్గర వంతెన కొట్టుకుపోయింది. కొత్త వంతెన లేచేదాకా ఏళ్ళ తరబడి ఆ పక్క జనానికి పుట్టీలే దిక్కయ్యాయి. రోజూ వచ్చిపోయేవాళ్ళు, బళ్ళో చదివే పిల్లలు, ఒక్కోసారి మోటారు సైకిళ్ళు కూడా వాటిలోనే దాటాయి. ఒక్కరి ఒంటి మీద కూడా జాకెట్టు ఉండేది కాదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా చిన్నవాడు సియాటిల్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. రిటైరయ్యాక మా దంపతులను ఆరు నెలలకని పిలిపించుకున్నాడు. అమెరికా పోయివచ్చిన తల్లిదండ్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు, అక్కడి సంగతి మీకు తెలుసు. పొద్దున్నే కొడుకు, కోడలు ఆఫీసుకు, మనవరాలు బడికి పోతే మనం కిటికీలోంచి చెట్లు చూస్తూ కూర్చోవాలి. ఇల్లు బాగుంటుంది, మాట్లాడే మనిషి ఉండడు. లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెలలోపల తిరిగి పోవాలి గదా అని రోజులు లెక్కపెట్టుకుంటాము. మావాడు అది కనిపెట్టి, ఇంటికి దగ్గర్లో పడవలు తోలేవాళ్ళ క్లబ్బు ఒకటి ఉందని, వారానికి రెండుసార్లు నేర్పుతారని, పెద్దవాళ్ళే ఎక్కువ వస్తారని చెప్పి తీసుకుపోయాడు. నిజమే. వచ్చినవాళ్ళలో సగం మంది నా వయసువాళ్ళే. నాకు నేర్పిన ఆవిడ ముప్ఫై ఏళ్ళు ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరైన పోస్టల్ ఉద్యోగి. డెబ్బై దాటింది. పెన్షన్ గురించి ఆమెకూ నాకూ బాగా కుదిరింది. అక్కడా ఇన్సూరెన్సు బిల్లులతో తలనొప్పులే!

ఇంట్లో మాత్రం కుదరలేదు. మా ఇంటావిడ ఒకటే మాట అన్నది: "నీళ్ళ జోలికి పోవద్దు." దానికి కారణం ఉంది. ఆమె తమ్ముడు, నా బావమరిది, 1984లో పంతొమ్మిదేళ్ళ వయసులో కాలువలో పోయాడు. బాగా ఈతొచ్చినవాడు. బావుల్లో మొదట మునగబెండ్లు కట్టుకొని, తర్వాత అవి విప్పేసి గజ ఈతగాడయ్యాడు. బావిలో ఈత వేరు, కాలువ వేరు. లైనింగు చేసిన కాలువ గట్టు ఏటవాలుగా ఉంటుంది, నీటిమట్టం దగ్గర నాచు పడుతుంది. పట్టుకోవడానికి గడ్డిపోచ కూడా ఉండదు. మనిషి ఒడ్డుకు వస్తాడు, చెయ్యి జారుతుంది, ప్రవాహం పది గజాలు కిందికి తోస్తుంది, మళ్ళీ వస్తాడు, మళ్ళీ జారుతుంది. అలా అలిసిపోతాడు. ఈత రాక కాదు, గట్టెక్కే చోటు లేక. అతన్ని పట్టబోయిన మరో కుర్రవాణ్ణి ఎవరో తువ్వాలు అందించి లాగారు కాబట్టి దక్కాడు. ఆనాటి నుంచి మా ఇంట్లో పిల్లలెవరూ నీళ్ళలో దిగలేదు. మా ఇద్దరు కొడుకులకూ ఈత రాదు. నీళ్ళంటే భయం మా ఇంట్లో ఆస్తిపత్రంలాగా ఒకరినుంచి ఒకరికి వస్తున్నది. అది మనవరాలి దాకా పోవడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే ఇంటావిడ వద్దన్నా పోయాను. ఆమె కూడా వచ్చి ఒడ్డున కుర్చీ వేసుకొని కూర్చునేది. నేను నీళ్ళలో ఉన్నంతసేపూ రాఘవేంద్రస్వామిని తలచుకుంటూనే ఉండేదట.

కయాక్ అన్నది మంచు దేశాలవాళ్ళ పడవ. గ్రీన్‌లాండ్, అలాస్కా వైపు ఉండే ఇనూయిట్ వేటగాళ్ళది. అక్కడ చెట్లుండవు. సముద్రం కొట్టుకొచ్చిన కట్టెలతో, ఎముకలతో చట్రం కట్టి, దాని మీద సీలు అనే నీటి జంతువు తోలు కుట్టేవారు. తోలు, చట్రం అనగానే నాకు పుట్టి తాత గుర్తొచ్చాడు. రెండు పడవలకూ పుట్టుక ఒకటే, ఉన్నదానితో చేసుకోవడం. కాకపోతే పుట్టిది పళ్ళెం ఆకారం, కయాక్‌ది చేప ఆకారం. సముద్రానికి వాడేది పదహారు పదిహేడు అడుగుల పొడవు, రెండడుగులకు మించని వెడల్పు. పైన మూసి ఉంటుంది. మధ్యలో మనిషి దిగే రంధ్రం ఒకటి. లోపల కాళ్ళు చాపుకొని కూర్చోవాలి. మోకాళ్ళు పై కప్పుకు ఆనాలి, పాదాలు మెట్లకు ఆనాలి, నడుము రెండు పక్కలా బిగుతుగా ఉండాలి. మా పోస్టల్ ఆవిడ చెప్పేది, పడవలో కూర్చోవడం కాదు, పడవను తొడుక్కోవాలని. పుట్టి తాత నన్ను మూటగా ఉండమన్నాడు, ఈమె చొక్కా తొడుక్కున్నట్టు ఉండమంటున్నది.

సరంజామా గురించి చెప్పకపోతే అర్థం కాదు. తెడ్డుకు రెండు చివరలా రెక్కలుంటాయి, ఒకసారి కుడి, ఒకసారి ఎడమ. నడుముకు రబ్బరు పావడా ఒకటి కట్టుకుంటారు. నవ్వకండి, అది పావడాయే, వాళ్ళూ స్కర్టు అనే అంటారు. దాని అంచును పడవ రంధ్రం చుట్టూ బిగిస్తే చుక్క నీరు లోపలికి పోదు. ముందువైపు దానికొక కుచ్చు ఉంటుంది. అది ఎప్పుడూ పైకి, కంటికి కనబడేట్టు ఉండాలి. పడవ బోర్లాపడితే ఆ కుచ్చు పట్టి లాగితేనే మనిషి బయటికి రాగలడు. కుచ్చు లోపల చిక్కుకుంటే ప్రాణం మీదికే. అందుకే ప్రతిసారీ ఒడ్డు వదిలేముందు పక్కవాడు నా కుచ్చు చూడాలి, నేను అతని కుచ్చు చూడాలి. మన తూము తలుపులు ఎత్తేముందు ఇద్దరు చూసి సంతకం పెట్టినట్టే.

పడవ ముందు, వెనక గాలి గదులు ఉంటాయి, మధ్యలో నీళ్ళు నిండినా అవి తేలుస్తాయి. నీళ్ళు తోడడానికి చేతిపంపు. తెడ్డు చివర తొడిగే గాలిసంచి, అది ఒంటరిగా పడినవాడు తిరిగి ఎక్కడానికి ఊతం. జాకెట్టుకు కట్టిన ఈల. ఇక జాకెట్టు సంగతి చివర చెబుతాను, నేను ఇక్కడికి వచ్చింది అందుకే.

సియాటిల్ సముద్రం చల్లన. ఎండాకాలంలో కూడా పన్నెండు పదమూడు డిగ్రీలు దాటదు. మన ఆదోనిలో మే నెలలో ఫ్రిజ్ నీళ్ళు అంతకంటే వెచ్చగా ఉంటాయేమో. అంత చల్లటి నీళ్ళలో పడినవాడికి ఒకటి, పది, ఒకటి అని లెక్క నేర్పుతారు. మొదటి ఒక్క నిమిషం ఊపిరి ఎగదన్నుతుంది, అప్పుడు భయపడకుండా ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవాలి. తర్వాత పది నిమిషాలు మాత్రమే చేతులు, వేళ్ళు చెప్పినట్టు వింటాయి. స్పృహ పోవడానికి సుమారు గంట. అంటే చలి చంపేలోపే వేళ్ళు పనిచెయ్యక మనిషి పోతాడు. అందుకని ఒంటికి అంటిపెట్టుకునే రబ్బరు దుస్తులు వేస్తారు. వాటిని తొడగడానికి మావాడు, మనవరాలు చెరో కాలు పట్టి లాగేవారు. ఆటుపోట్లకు ఒక పట్టిక ఇస్తారు, ఏ గంటకు నీరు ఎటు పారుతుంది, ఎంత వేగం అని. అది చూసి నా ప్రాణం లేచి వచ్చింది. అచ్చం మన వారబందీ పట్టిక! క్లబ్బులో అందరూ ఆ పట్టిక చూసి తికమక పడుతుంటే, దాన్ని తప్పు లేకుండా చదివి చెప్పే పని నాకు అప్పగించారు.

ఇప్పుడు పల్టీ. ఇంగ్లీషులో రోల్ అంటారు. పడవ బోర్లాపడ్డాక, మనిషి తలకిందులుగా నీళ్ళలో వేలాడుతూ, పడవలోంచి బయటికి రాకుండానే తెడ్డుతో నీటిని ఒత్తి, నడుముతో పడవను తిప్పి పైకి లేవడం. ఇనూయిట్ వేటగాళ్ళకు ఇది వినోదం కాదు. ఆ నీళ్ళలో పడవ వదిలి ఈదితే బతకరు, కాబట్టి పడవతోనే లేవాలి. చేతిలో తెడ్డు పోతే ఈటె కర్రతో, అదీ పోతే ఉత్త చేత్తో లేవడం సాధన చేసేవారు. యూరపువాళ్ళకు ఇది చాలాకాలం గారడీలా కనిపించింది. ఆస్ట్రియా దేశపు ఎడి హాన్స్ పావ్‌లాటా 1927లో పుస్తకాల్లోని వర్ణనలు చదివి తనంతట తాను నేర్చుకున్నాడు. ఆంగ్లేయుడు జినో వాట్కిన్స్ గ్రీన్‌లాండ్ పోయి అక్కడివాళ్ళ దగ్గరే నేర్చుకున్నాడు. బాగా నేర్చుకున్నాడు కూడా. 1932 ఆగస్టులో ఒంటరిగా వేటకు పోయి తిరిగి రాలేదు, పడవ మాత్రం దొరికింది. అతని వయసు పాతికే. ఎంత వచ్చినా ఒంటరిగా పోకూడదని క్లబ్బులో అతని పేరు చెప్పి బెదిరిస్తారు. ఇదే 1932లో ఆస్కార్ స్పెక్ అనే జర్మన్ మడతపెట్టే కయాక్‌లో ఇంటినుంచి బయలుదేరి మన దేశపు తీరం వెంబడి, బర్మా మీదుగా 1939కి ఆస్ట్రేలియా చేరాడు. ఏడేళ్ళు తెడ్డు వేసి చేరేసరికి యుద్ధం మొదలై ఉంది, జర్మన్ కనుక తీసుకుపోయి నిర్బంధంలో పెట్టారు. ఆఫీసు పనులు ఎక్కడైనా అంతే.

పల్టీ నేర్పేది సముద్రంలో కాదు, వెచ్చటి ఈతకొలనులో. మొదటి పాఠం లేవడం కాదు, బయటపడడం. పడవను కావాలనే బోర్లా వేస్తారు. తలకిందులైనప్పుడు ముందుకు వంగాలి, పడవ అడుగును చేత్తో మూడుసార్లు తట్టాలి, తర్వాత కుచ్చు లాగి, పంట్లాము విడిచినట్టు పడవను విడిచి పైకి రావాలి. ఆ మూడు తట్లు ఎందుకంటే, తొందరపడకుండా మనసును నిలబెట్టడానికి. తలకిందులుగా ఉన్నప్పుడు మూడు లెక్కపెట్టడం ఎంత పొడుగో మీకు చెప్పలేను. ముక్కులోకి నీళ్ళు ఎక్కుతాయి, కింద ఏది పైన ఏది తెలియదు. నాకు బావమరిది గుర్తొచ్చాడు. అయినా మూడు తట్టాను. పైకి వచ్చేసరికి ఒడ్డున మా ఇంటావిడ కుర్చీలోంచి లేచి నిలబడి ఉంది. మనవరాలు "తాతా, నువ్వు మునిగితే అవ్వ నన్ను తిడుతుంది" అని అరుస్తున్నది.

రెండో పాఠం నడుము విసురు. కొలను గట్టు పట్టుకొని, పడవను పక్కకు పడేసి, చేతుల మీద బలం పెట్టకుండా నడుముతో, మోకాలితో పడవను తిన్నగా చేయడం. ఇక్కడే అందరూ చిక్కుకుంటారు. మునిగినవాడికి ముందు తల బయటికి పెట్టి ఊపిరి తీసుకోవాలనిపిస్తుంది. తల అయిదు కిలోల బరువు. దాన్ని ముందు ఎత్తితే ఆ బరువుకు పడవ మళ్ళీ తిరగబడుతుంది. కాబట్టి ముందు పడవ లేవాలి, తర్వాత నడుము, తర్వాత భుజం, అన్నిటికంటే చివర తల. ఊపిరి కోసం తహతహలాడే తలను చివరిదాకా నీళ్ళలోనే ఉంచాలి. ఆ ఆవిడ నా తల మీద చెయ్యి పెట్టి నీళ్ళలోకి నొక్కి పట్టేది. మా ఇంటావిడకు అది బొత్తిగా నచ్చలేదు.

మూడో పాఠం తెడ్డుది. తెడ్డును పడవ పక్కన పొడుగ్గా చేర్చి, పైకి తెచ్చి, కొడవలి తిప్పినట్టు నీటి మీద వెడల్పుగా తిప్పాలి. మోచేతులు కిందికే ఉండాలి, పైకి లేపితే భుజం కీలు జారుతుంది. మన వయసులో జారిన భుజం మళ్ళీ మామూలు కావడం కష్టం. రెండు నెలలు, వారానికి రెండు పూటలు. లేవకపోయినప్పుడల్లా పక్కన నిలబడ్డవాళ్ళు పడవ ముక్కు అందిస్తారు, దాన్ని పట్టుకొని లేవడం. తొమ్మిదో వారం ఒకనాడు తల చివర లేచింది. ఏం జరిగిందో నాకు తెలియలేదు. పైకి చూస్తే దీపాలు కనబడ్డాయి. ఆ పూట మళ్ళీ నాలుగుసార్లు చేస్తే మూడుసార్లు లేచాను. కుడి పక్క మాత్రమే వచ్చు, అదీ కొలనులోనే. సముద్రంలో అవసరం పడలేదు. అవసరం వస్తే పక్కనున్నవాళ్ళే దిక్కు. ఒకరు పడితే రెండోవాడు అతని ఖాళీ పడవ ముక్కును తన పడవ మీదికి అడ్డంగా లాగి, నీళ్ళు ఒంపి, పక్కన పట్టుకొని నిలబెడతాడు. పడ్డవాడు బోర్లా పాకుతూ ఎక్కుతాడు. నిజానికి పల్టీ కంటే ఇదే ఎక్కువగా అక్కరకొచ్చే విద్య అని నా అభిప్రాయం. పల్టీ చూడడానికి బాగుంటుంది, ఇది ప్రాణం నిలుపుతుంది.

చివరి నెలలో ఇద్దరు కూర్చునే పడవలో మా ఇంటావిడను ముందు కూర్చోబెట్టి, ఒడ్డు వెంబడి నలభై నిమిషాలు తిప్పాను. చీర మీద కుదరదని కోడలి పంట్లాము వేసుకున్నది. ఆమె ఒక్క మాటా మాట్లాడలేదు. దిగాక "వాడుంటే దీన్ని విడిచిపెట్టకపోవును" అన్నది, అంతే.

ఇప్పుడు జాకెట్టు మాట. మనిషి శరీరం నీటిలో దాదాపు తేలుతుంది. తల పైన ఉంచడానికి అదనంగా మూడు నుంచి అయిదున్నర కిలోల తేలుడు చాలు. మామూలు జాకెట్టు ఏడు కిలోలు తేలుస్తుంది. జాకెట్టు దొరకనిచోట మూత గట్టిగా బిగించిన పది లీటర్ల ఖాళీ క్యాను దగ్గర దగ్గర పది కిలోలు తేలుస్తుంది. మన ఇళ్ళలో నూనె క్యాన్లు ఎన్ని ఉన్నాయి? కాలువ గట్టున బట్టలుతికే చోట తాడు కట్టిన క్యాను ఒకటి చెట్టుకు వేలాడదీస్తే ఖర్చు ఏముంది? ఎవరైనా పడితే మనం దూకకూడదు. ముందు కర్ర, తువ్వాలు, చీర కొంగు అందించాలి, అందకపోతే క్యాను విసరాలి. దూకినవాణ్ణి మునిగేవాడు మెడ పట్టుకుంటాడు, అప్పుడు రెండు ప్రాణాలు.

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగింది. డెబ్బై మందికి పైగా ఎక్కితే 26 మంది బతికారు. పెద్ద పడవే, జాకెట్లూ ఉన్నాయి. ఉక్కపోతగా ఉందని చాలామంది విప్పేశారని, బతికినవారిలో వేసుకున్నవాళ్ళే ఎక్కువని పత్రికల్లో చదివాము. పడవలో ఉన్న జాకెట్టు వేరు, ఒంటి మీది జాకెట్టు వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో నీట మునిగి చనిపోయినవాళ్ళు మూడు లక్షలు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు నది ఒడ్డు ఊళ్ళన్నిటినీ హెచ్చరించారు. అలాంటి రాత్రి నది గురించి అందరికీ గుర్తుంటుంది. మామూలు రోజున మంత్రాలయంలో మనవళ్ళను స్నానానికి దింపేటప్పుడు, హంపిలో పుట్టి ఎక్కించేటప్పుడు గుర్తుండదు.

మన శాఖ తరఫున జాకెట్లు కొందామని కార్యవర్గంలో ప్రతిపాదించాను. పది పెద్దవి, ఆరు పిల్లలవి. కొందరు మిత్రులు పెన్షనర్ల డబ్బుతో జాకెట్లేమిటని అభ్యంతరం చెప్పారు. వారి మాటలోనూ న్యాయముంది, మన నిధి మందులకే చాలదు. అందుకని నా డి.ఏ. బకాయి వచ్చినప్పుడు అందులోంచి సగం నేను పెడతాను, మిగతా సగం ఇష్టమున్నవాళ్ళు ఇవ్వండి. యాత్రకు పోయే కుటుంబం తీసుకుపోయి తిరిగి ఇచ్చేయాలి. కొనేటప్పుడు వయసు కాదు, బరువు చూసి కొనాలి. పిల్లల జాకెట్టుకు కాళ్ళ మధ్యనుంచి వచ్చే పట్టీ లేకపోతే కొనవద్దు. అది లేకపోతే పిల్ల కిందికి జారుతుంది, జాకెట్టు పైకి పోతుంది. వేసినాక రెండు భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగి చూడండి, చెవులు దాటి వస్తే వదులుగా ఉన్నట్టు.

ఒక చీటీ వచ్చింది. "మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆ పడవలో కూర్చోగలరా?" అని అడిగారు. కూర్చోవడం పరవాలేదు, కాళ్ళు చాచుకొనే ఉంటాము. దిగడమే కష్టం. నేను దిగేటప్పుడు ఇద్దరు చెరో చెయ్యి పట్టేవారు. బి.పి. ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరును అడగకుండా తలకిందులయ్యే పని పెట్టుకోవద్దు. ఇంకొక చీటీలో "ఆడవాళ్ళకు కూడా నేర్పుతారా?" అని ఉంది. నాకు నేర్పింది ఆడమనిషే నమ్మా. ఈ చీటీ ఎవరు రాశారో చెబితే, వచ్చే ఎండాకాలం సెలవుల్లో మనవరాళ్ళకు ఈత నేర్పించే విషయం టీ తాగేటప్పుడు మాట్లాడుకుందాం. జాకెట్లకు పేర్లు రాసుకునే పుస్తకం కోశాధికారిగారి దగ్గర ఉంది.